నీటి బూజు: చెరకు సీమకు ఒక పాఠము

మంజీర నదిపై నిజాంసాగరము కట్టుట 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. హైదరాబాదు సంస్థానపు ప్రధాన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు దీనికి సూత్రధారి. కాలువలు పారిన పిమ్మట నిజామాబాదు, బోధన్ ప్రాంతములలో వరితోపాటు చెరకును విరివిగా పెరిగినది. 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒకప్పుడు ఆసియా ఖండములోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా దానికి పేరుండెను.

ఈ చరిత్ర జిల్లాలోని విద్యార్థులకు తెలిసినదే. కాని ఇట్టి కాలువలలోను చెరువులలోను నివసించు జలశిలీంధ్రముల చరిత్ర పలువురెరుగరు. ఆ జీవులు నీటికి చేయు మేలెట్టిదో, నీటిలో తీపి మితిమీరినపుడు కలుగు కీడెట్టిదో శాస్త్రజ్ఞులు గ్రహించుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

శిలీంధ్రములకు పత్రహరితము లేదు. అవి మొక్కలవలె ఎండ సాయమున ఆహారము తయారుచేసికొనజాలవు, జంతువులవలె మ్రింగనుజాలవు. దారములవంటి తంతువులను ఆకులోనికి చొప్పించి, ఎంజైములను స్రవించి, సెల్యులోజువంటి గట్టి పదార్థములను కరిగించి, ఆ రసమును పీల్చుకొనును. గట్టుమీది కానుగ, తుమ్మ, చింత ఆకులుగాని, చేలనుండి కొట్టుకొనివచ్చిన చెరకు ఆకుగాని నీట పడినపుడు దానిని జీర్ణింపజేయువానిలో ఇవి ముఖ్యమైనవి.

మన దేశమున వీని అధ్యయనమునకు గట్టి పునాది వేసినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్. ఆయన బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున శిలీంధ్ర శాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. 1907లో పితియం అను ప్రజాతిని గూర్చియు, కైట్రిడ్ అను నీటి శిలీంధ్రములను గూర్చియు విపులమైన గ్రంథము వెలువరించెను. 1911లో అల్లోమైసిస్ అను క్రొత్త జలశిలీంధ్రమును వర్ణించెను. ఈ జీవుల సిద్ధబీజములకు కొరడావంటి తోకలుండును. వాని సాయమున అవి ఈదుచు క్రొత్త ఆహారమును చేరును. పితియము, సాప్రొలెగ్నియా మున్నగువానిని ఆనాడు శిలీంధ్రములలో చేర్చిరి. నేటి శాస్త్రము వానిని గోధుమవర్ణపు శైవలములకు దగ్గరి బంధువులైన వేరొక వంశముగా ఎంచుచున్నది. బ్రతుకుతెరువు మాత్రము శిలీంధ్రములదే. తరువాతి కాలమున హైదరాబాదు ప్రాంతపు చెరువులలోని శిలీంధ్రములను ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన సి. మనోహరాచారి మొదలగువారు పరిశీలించిరి.

పారు నీటి శిలీంధ్రములను గూర్చి 1942లో ఇంగ్లండునుండి ఒక ముఖ్యమైన వార్త వచ్చెను. లీస్టరు నగరమున పనిచేయుచున్న సి. టి. ఇంగోల్డు, సెలయేటిలో మ్రగ్గుచున్న ఆల్డరు చెట్టు ఆకులను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. వానిపై చిత్రమైన సిద్ధబీజములు కనబడెను. వానిలో కొన్ని నాలుగు చేతులు నలుదెసల చాచినట్లుండెను. గుండ్రని బీజము ప్రవాహమున సులభముగా జారిపోవును. చేతులున్న బీజము లంగరువలె ఆకును పట్టుకొనును. సెలయేటి నురుగును ఒక చుక్క తీసి చూచినను ఇవి కనబడును.

ఆకు కుళ్లుటవలన లాభమేమి? దీనికి సమాధానము 1971లో లభించెను. కెనడాలో ఎన్. కె. కౌశిక్, హెచ్. బి. ఎన్. హైన్స్ అను శాస్త్రజ్ఞులు, రాలిన ఆకులను ఏటి నీటిలో ఉంచినపుడు వానిలోని మాంసకృత్తులు పెరుగునని చూపిరి. శిలీంధ్రములను అణచు మందు కలిపినచో ఈ పెరుగుదల ఆగెను. బాక్టీరియాను అణచు మందు కలిపినచో అంతగా మారలేదు. శిలీంధ్రము నీటిలోని నత్రజనిని గ్రహించి తన దేహమును కట్టుకొనును. ఎండుటాకు బలమైన మేత యగును. దానిని నీటి పురుగులు తినును. పురుగులను చేపలు తినును. గట్టుమీది చెట్టునుండి వలలోని చేపవరకు సాగు గొలుసులో శిలీంధ్రము ఒక లంకె.

ఆకు నెమ్మదిగా కరగు ఆహారము. చక్కెర అట్టిది కాదు. 1884లో జర్మను రచయిత విల్‌హెల్మ్ రాబె వ్రాసిన ఒక నవలలో బీటు చక్కెర ఫ్యాక్టరీ మురుగువలన ఒక మర యజమాని ఏరు చెడిపోవును. రసాయనజ్ఞుడు ఆ నీటిలోని సూక్ష్మజీవులను గుర్తించును. బ్రౌన్‌ష్వైగ్ ప్రాంతమున జరిగిన నిజమైన వ్యాజ్యమే దానికి మూలము. ఇట్టి నీటిలో తెల్లని దూదివంటి జిగట పదార్థము పెరుగును. దానిని మురుగు బూజు అందురు. అది ఒకే జీవి కాదు. బాక్టీరియా, శిలీంధ్రములు, లెప్టోమిటస్‌వంటి జీవులు కలిసిన గుంపు. 1908, 1909లలో కోల్‌క్విట్జ్, మార్సన్ అనువారు నీటిలోని జీవులనుబట్టి కాలుష్యపు మోతాదును తెలిసికొను పద్ధతిని రూపొందించిరి.

దూది తెలుపుకంటె భయంకరమైనది కంటికి కానరాని నష్టము. ఒక కిలోగ్రాము చక్కెరను సూక్ష్మజీవులు పూర్తిగా దహించుటకు సుమారు 1.12 కిలోగ్రాముల ప్రాణవాయువు కావలెను. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో కరుగగలది దాదాపు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా ఒక్క కిలో చక్కెర ఇంచుమించు 1,50,000 లీటర్ల నీటిలోని ప్రాణవాయువును హరింపగలదు. గాలినుండి మరల కొంత చేరుమాట నిజమే. కాని నిలువ నీటిలో రాబడి నెమ్మది, వ్యయము వేగము. ఆ వ్యత్యాసమునకు చేపలు బలియగును.

గానుగలు కడిగిన నీరు, తొణికిన రసము, మొలాసిస్ గల మురుగును శుద్ధి చేయకుండ చెరువులోనికి వదలరాదనుటకు కారణమిదే. 1974లో భారత పార్లమెంటు జలకాలుష్య నివారణ చట్టము చేసెను. శుద్ధి తొట్లలో పనిచేయునవియు సూక్ష్మజీవులే. అచట వానికి కావలసిన గాలిని మనము యంత్రములతో అందింతుము. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. కాని ఊరి మురుగును, పారవేసిన ఎంగిలియు చెరువునకు చేరినచో లెక్క మారదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. చెరువునీరు ఒక గాజు పాత్రలో తీసి, ఉడికించిన నువ్వులు నాలుగైదు వేసి, మూత వదులుగా పెట్టి ఉంచవలెను. మూడు నాలుగు దినములలో గింజలచుట్టు తెల్లని నూగు కనబడవచ్చును. చూచిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఇంకొక పాత్రలో నీటికి ఒక చెంచా చక్కెర కలిపి, రెండింటి వాసనను, నిర్మలత్వమును దినదినము పోల్చి వ్రాసికొన్నచో, చెరువునకు ఏది మేతయో, ఏది భారమో విద్యార్థులు తామే తేల్చుకొందురు.