బోనకల్ సరిహద్దు సీమ: యుద్ధాలు, నాయకులు, ఊళ్ల బతుకు

బోనకల్ ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో, ఖమ్మం నుంచి పోతుంటే మధిరకు ముందే తగిలే స్టేషన్. ఇది ఏ రాజ్యానికీ రాజధాని కాలేదు. అయినా దీని పక్కనే ఉన్న పొలిమేర రెండు ప్రభుత్వాలను విడదీసింది. ఎక్కడో దూరాన జరిగిన యుద్ధాలు, రాజధానుల్లో కుదిరిన ఒప్పందాలు ఈ ఊళ్లలో ఎవరు ఏ నాణెం వాడాలో, ఎవరికి పన్ను కట్టాలో, చివరికి ఎటు పారిపోవాలో కూడా నిర్ణయించాయి. ఆ గీతను తమకు పనికొచ్చేలా వాడుకున్నది ఇక్కడి రైతులు, కూలీలు. ఈ సీమ చరిత్రలో అసలు విషయం అదే.

కాకతీయుల పతనం నుంచి 1766 దాకా

1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు చిక్కి కాకతీయ రాజ్యం కూలింది. ఆ తర్వాత చెల్లాచెదురైన తెలుగు నాయకులను కూడగట్టిన ముసునూరి ప్రోలయ నాయకుడు గోదావరి ఒడ్డున, భద్రాచలానికి దిగువనున్న రేకపల్లిని కేంద్రంగా చేసుకున్నాడు. మైదానంలో ఓడినవాళ్లు గోదావరి అడవిలో కాలూనడం ఈ ప్రాంతంలో అదే మొదలు కాదేమో, చివర మాత్రం కాదు. ఆరు వందల ఏళ్ల తర్వాత అదే అడవి మరో తరం పోరాటకారులకు ఆశ్రయమిచ్చింది.

గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది. తర్వాత నిజాముల కాలంలో, 1766లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కాయి. కొండపల్లి సర్కారు అందులోదే. అప్పటి నుంచి మధిర, బోనకల్ వైపు నిజాం ఇలాకా, జగ్గయ్యపేట, నందిగామ వైపు కంపెనీ ఇలాకా అయ్యాయి. సంతకాలు చేసినవాళ్లలో ఈ ఊళ్లను చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది అనుమానమే.

భద్రాచలం వైపు గీత మరోసారి కదిలింది. 1857 తిరుగుబాటు అణిగాక, 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ గట్టునున్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిష్‌వారికి వదులుకున్నాడు. బదులుగా రాయచూరు అంతర్వేది వంటివి అతనికి తిరిగొచ్చాయి. ఆ తాలూకాలు మొదట మధ్య పరగణాలలో, 1874 నుంచి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో ఉన్నాయి. ఉత్తర భారతంలో జరిగిన యుద్ధానికి బహుమానంగా ఒక అడవి, అందులోని కోయలతో, కొండరెడ్లతో సహా చేతులు మారింది.

ఒక పొలిమేర, రెండు లోకాలు

1889లో రైలు బెజవాడకు చేరేసరికి ఈ సరిహద్దు మరింత స్పష్టంగా కనబడసాగింది. నిజాం వైపు హాలీ సిక్కా, అవతల కల్దారు రూపాయి. ఇవతల పట్వారీ, మాలీ పటేల్, పోలీస్ పటేల్. అవతల కరణం, మునసబు. ఇవతల దఫ్తరంలో ఉర్దూ, అవతల ఇంగ్లీషు, తెలుగు. సరుకు దాటాలంటే కరోడ్‌గిరి (సుంకం) వాళ్ల తనిఖీ ఉండేది. పెళ్లిళ్లు మాత్రం అటూ ఇటూ జరుగుతూనే ఉండేవి. ఆడపడుచును ఇచ్చిన ఊరు పరాయి రాజ్యంలో ఉన్నా అది చుట్టాల ఊరే. తర్వాత సాయుధ పోరాట కాలంలో ఈ చుట్టరికాలే అన్నం పెట్టాయి.

అవతల కృష్ణా జిల్లాలో బెజవాడ ఆనకట్ట నీళ్లు, గ్రంథాలయాలు, పత్రికలు, రైతు సంఘాలు. ఇవతల తెలంగాణ పల్లెల్లో వెట్టి. చాకలి దొర ఇంటి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు, మోటకు కావలసిన తోలు సామాను ఇవ్వాలి. కూలి అడిగే మాటే లేదు. గింజలు అప్పు తెచ్చుకుంటే పంటకు నాగు వడ్డీతో కలిపి కొలవాలి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి దీనిమీద లెవీని తెచ్చిపెట్టింది. సర్కారు నిర్ణయించిన ధరకు ధాన్యం కొలవాల్సిందే. పెద్ద భూస్వామి లెక్క తప్పించుకుంటే ఆ భారం చిన్న రైతు గాదె మీద పడేది. ఐరోపాలో, బర్మాలో సాగిన యుద్ధం ఇక్కడి అటక మీది గింజల్లో తెలిసేది.

సంఘం

1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకొన్న నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలినాళ్లలో వినతి పత్రాల సంస్థ. 1944 భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది రైతు కూలీల సంస్థగా మారింది. మరుసటి ఏడాది సభ ఖమ్మంలోనే జరిగింది. పల్లెల్లో దాన్ని ‘సంఘం’ అనే పిలిచారు. అణా ఇస్తే సభ్యత్వం, చేతికో చీటీ. ఆ చీటీ ఉన్నవాడు వెట్టికి పోనంటాడు. పోకపోతే వచ్చే గూండాలను ఎదుర్కోవడానికి మగవాళ్ల చేతిలో గుత్పలు, వడిసెలలు ఉండేవి. ఆడవాళ్లు గుమ్మం వెనక కారప్పొడి, రోకలి సిద్ధంగా పెట్టుకునేవారు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోవడంతో ఈ ఉద్యమం తిరుగుబాటైంది.

కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పుచ్చలపల్లి సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు వంటివారు బెజవాడ వైపు నుంచి దీన్ని నడిపించారు. వాళ్ల పాత్ర పెద్దదే. అయితే నాయకుల పిలుపుకు ముందే ఊరు కదిలింది. చీటీ కొన్న వెట్టివాడు ‘రాను’ అన్న రోజే అసలు మలుపు అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇదే సీమలో మరో దారి కూడా ఉంది. ఎర్రుపాలెంలో పుట్టిన జమలాపురం కేశవరావు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో చేరాలంటూ 1947 ఆగస్టులో మొదలైన సత్యాగ్రహంలో ఈ ప్రాంతాన్ని కదిలించినవాడు. కాశిం రజ్వీ నడిపిన రజాకార్ల (నిజాం పక్షపు సాయుధ ముఠాల) దాడులు పెరిగాక అటు కాంగ్రెస్, ఇటు కమ్యూనిస్టులు కృష్ణా జిల్లా సరిహద్దులో శిబిరాలు పెట్టుకున్నారు. పిల్లాజెల్లాతో, దొరికినంత మూట నెత్తిన పెట్టుకుని జనం పొలిమేర దాటారు. 1766లో గీసిన గీత అప్పుడు ప్రాణం కాపాడే గట్టయింది.

పోలీసు చర్య, అడవి, ఆపై

1948 సెప్టెంబరు 13న ‘పోలీసు చర్య’ పేరుతో భారత సేనలు హైదరాబాదు రాష్ట్రంలోకి ప్రవేశించాయి. షోలాపూరు నుంచి మేజర్ జనరల్ చౌదరి దళం, బెజవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా మరో దళం కదిలాయి. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది. కమ్యూనిస్టు సాయుధ దళాల పోరాటం మాత్రం ఆగలేదు. కొత్త సైన్యం ముందు మైదానంలో నిలవలేక దళాలు పాల్వంచ, ఇల్లందు, గోదావరి అడవుల వైపు జరిగాయి. దళ నాయకురాలు మల్లు స్వరాజ్యం అక్కడ ‘రాజక్క’ పేరుతో పనిచేసింది. అటవీ సిబ్బంది మామూళ్లతో విసిగిన కోయగూడేలు దళాలకు తోడయ్యాయి. దానికి కోయలు చెల్లించిన మూల్యం పెద్దది. దళాలకు గింజ అందకుండా చేయాలని గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని శిబిరాల్లోకి తోలారు. పోరాట చరిత్రలో నాయకుల పేర్లు నిలిచాయి, ఆ గూడేల పేర్లు చాలావరకు నిలవలేదు. ఇది పెద్ద లోటు.

1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని, నాలుగు వేల మంది ప్రాణాలిచ్చారని కమ్యూనిస్టు పార్టీ లెక్క చెప్పింది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భూదానం మొదలైంది. దానికి నేపథ్యం ఈ పోరాటమే. 1952 ఎన్నికల్లో ఖమ్మం లోక్‌సభ స్థానాన్ని కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున టి.బి. విఠల్‌రావు గెలిచారు. తుపాకీ దించిన పార్టీని ఓటరు వదల్లేదు.

1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది, మధిర అందులో ఒక తాలూకా. 1956లో ఆంధ్రప్రదేశ్ రావడంతో పాత పొలిమేర జిల్లా హద్దుగా తగ్గింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి వచ్చింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు మధిర, బోనకల్ చేలకు అందాయి.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడి బోనకల్ దక్షిణపు అంచు మళ్లీ రాష్ట్ర సరిహద్దయింది. పోలవరం ముంపు పేరుతో అదే ఏడాది భద్రాచలం డివిజన్‌లోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. రేకపల్లి వాటితోపాటే వెళ్లింది. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది.