మందు హక్కా, దయా?

ప్రణాళిక ఎవరిని మనిషిగా చూసిందో తేదీలే చెబుతాయి.

1986లో మద్రాసులో సెక్స్ వర్కర్ల రక్తంలో హెచ్‌ఐవీ బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వచ్చింది, ప్రపంచ బ్యాంకు రుణమూ వచ్చింది. పరీక్షలు, లెక్కలు, గోడమీద నినాదాలు వచ్చాయి. మందు రాలేదు.

2001లో మన సిప్లా కంపెనీ రోజుకు డాలరులోపు ధరకే ఆఫ్రికాకు మందులిస్తానంది. మన సర్కారు దవాఖానాల్లో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది 2004 ఏప్రిల్ 1న. తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈలోగా డబ్బున్నవాళ్లు కొనుక్కున్నారు. కూలి జనం కాటికి పోయారు.

2017 చట్టం వివక్షను నిషేధించింది. మంచిదే. కానీ 14వ సెక్షన్‌లో మందు ఇచ్చేది ‘సాధ్యమైనంత వరకు’. రాజ్యాంగం 41వ అధికరణంలో పని హక్కుకూ ఇలాంటి షరతే: ‘ఆర్థిక స్తోమత మేరకు’.

ఆ రెండు మాటలు కొట్టేయించేదాకా మందు మన హక్కు కాదు, వాళ్ల దయే.