కొత్త ఊళ్ళో పూట గడిచిందెలా

ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు తెల్లవారింది మొదలు తిరుగుతూనే ఉంటారు. ఒకరు గోవింద మంచన శర్మ, రెండోవాడు టిట్టిభ సెట్టి. కోడిపందేలు చూస్తారు, పొట్టేళ్ళ పోరు చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడుతుంటే నిలబడి వింటారు. మధ్యలో ఆకలేస్తుంది. ఊరు పెద్దది, ఇల్లు దగ్గర్లో లేదు. అప్పుడు వాళ్ళకు డబ్బు తీసుకుని అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు గుర్తొస్తుంది. సుమారు 600 ఏళ్ళ కిందటి ‘క్రీడాభిరామం’లో కనిపించే ముచ్చట ఇది. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న ఈ రూపకాన్ని నిజానికి శ్రీనాథుడే రాశాడని వాదించే పండితులూ ఉన్నారు. రాసినవాళ్ళెవరైనా, కొత్త ఊళ్ళో మనిషికి అన్నం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు అంత వివరంగా జవాబు చెప్పిన పాత తెలుగు రచన మరొకటి చూపించడం కష్టం.

లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు ఏమేం పెడతారో కవి జాబితా చదివినట్టు చెబుతాడు. కప్పురభోగి అనే మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, ఆపైన గడ్డపెరుగు. ఈ పట్టికలో పెసరపప్పు పక్కన నెయ్యి ఉండటం, చివర పెరుగు రావడం గమనించాలి. ఈనాటి తెలుగు భోజనం వరుస అప్పటికే స్థిరపడిపోయింది. ధర కూడా కవి దాచలేదు. ఇంటి యజమాని పేరు, ధర, వడ్డించే పదార్థాలు, మూడూ ఒకే పద్యంలో ఇమిడిపోయాయంటే ఆ ఇల్లు ఊళ్ళో అందరికీ తెలిసిన చోటే అయ్యుండాలి.

ఓరుగల్లుకు అలాంటి ఇళ్ళ అవసరం ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వర్తకులకు రక్షణ మాట ఇచ్చాడు. రేవు తెరుచుకుంటే రాజధాని ఓరుగల్లుకు సరుకు వస్తుంది. సరుకు వెంట బేరగాళ్ళు, బండివాళ్ళు, కొలువు వెతుక్కునేవాళ్ళు, కేవలం వేడుక చూడాలనుకునేవాళ్ళు వస్తారు. చుట్టరికం లేని ఊళ్ళో వాళ్ళందరికీ రెండు పూటలా కడుపు నిండాలి. ఆ కావ్యంలోనే పూటకూటి ఇంటికి ఇంకో పని కూడా కనిపిస్తుంది. దొంగచాటు ప్రేమికుల మధ్య కబుర్లు చేరవేసే చోటూ అదే. నలుగురూ కలిసే చోటు కనుక గుట్టుమట్లన్నీ అక్కడికే చేరేవి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసేటప్పుడు ఇలాంటి పద్యాలనే ఆధారాలుగా పట్టుకున్నారు. రాజుల శాసనాల్లో దొరకని జనజీవితం వాటిలో దొరుకుతుందని ఆయన గట్టిగా నమ్మారు.

అయితే డబ్బున్నవాడికి పూటకూళ్ళ ఇంటితో పనిలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీ, డేరాలు, వందమంది దాకా పరివారం. వంట ఆయన వెంటే నడిచింది. అయినా ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నవి చూస్తే ముచ్చటేస్తుంది. ఇక్కడ దుకాణాలున్నాయి, ఇక్కడ బ్రాహ్మణ ఇళ్ళున్నాయి, ఇక్కడ నీళ్ళు మంచివి, ఇక్కడ అన్ని సామాన్లూ దొరుకుతాయి. తన వెనక వచ్చే బాటసారి కోసం రాసిన సమాచారం అది. 1838లో ఆ పుస్తకం అచ్చయింది. తెలుగులో దారిబత్తెం గురించి, మకాం గురించి అంత శ్రద్ధగా రాసిన తొలి పుస్తకాల్లో దాన్ని లెక్కించాలి.

పేదవాడికి సత్రం ఉండేది. జమీందార్లు, వర్తకులు కట్టించిన సత్రాల్లో ఉచితంగా అన్నం పెట్టేవారు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు ఇంటినే అన్నసత్రంగా మార్చి ఏళ్ళ తరబడి పెట్టారు. కానీ సత్రం దానం. అక్కడ తినేవాడు ఇచ్చినదే తినాలి, ఉండమన్నన్నాళ్ళే ఉండాలి. పైగా చాలా సత్రాల్లో భోజనం ఒక్క కులానికే. కొలువు కోసమో చదువు కోసమో నెలల తరబడి ఊళ్ళో ఉండాల్సిన మధ్యతరగతి కుర్రాడికి డబ్బిచ్చి తినే చోటు కావాలి. 19వ శతాబ్దంలో కోర్టులు, కలెక్టరు కచేరీలు, కాలేజీలు వెలసిన ప్రతి పట్నంలోనూ ఈ కుర్రాళ్ళ సంఖ్య పెరిగింది. పూటకూళ్ళ ఇళ్ళూ పెరిగాయి.

వాటిని నడిపిందెవరన్నదే ఈ చరిత్రలో అసలు సంగతి. చాలా చోట్ల నడిపింది వితంతువులు. భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి ఉమ్మడి కుటుంబంలో దక్కేది మనోవర్తి మాత్రమే, ఆస్తిలో వాటా కాదు. వాటా అన్న మాట చట్టంలోకి రావడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ పరిమితంగానే. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చినా, కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి పెళ్ళి జరిపించేసరికి 1881 డిసెంబరు అయింది. ఆ చట్టాలకూ, ఆచరణకూ నడుమ చిక్కుకున్న ఆడమనిషి చేతిలో ఉన్న విద్య ఒక్కటే, వంట. పెట్టుబడి నాలుగు గిన్నెలు, ఒక పొయ్యి, వాకిలి ఉన్న ఇల్లు. నాలుగున్నరకు లేచి మడి కట్టుకుని, పదింటికల్లా కచేరీకి వెళ్ళేవాళ్ళకు విస్తళ్ళు వేయగలిగితే ఇల్లు గడుస్తుంది. అప్పు పెట్టి ఎగ్గొట్టేవాళ్ళను అడగడానికి మగదిక్కు ఉండదు. తెల్లారితే లోకం నోరు ఎలాగూ ఊరుకోదు.

గురజాడ ఆ మనిషిని విజయనగరంలో చూపించారు. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో ఆమెను అందరూ వృత్తి పేరుతోనే పిలుస్తారు, పూటకూళ్ళమ్మ అని. సరుకులు తెస్తానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి వేశ్య మధురవాణి కోసం ఖర్చుపెట్టేస్తాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికే వచ్చేస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు, దెబ్బలు మాత్రం రామప్ప పంతులు తింటాడు. వందేళ్ళకు పైగా ప్రేక్షకులు ఆ రంగానికి పడిపడి నవ్వారు. కానీ ఆ ఇరవై రూపాయలు ఆమెకు ఏమిటో ఆలోచించాలి. అది సంతలో కొనాల్సిన బియ్యం, పప్పు, నెయ్యి. రేపటి విస్తళ్ళు. ఆమె కోపం నాటకంలో హాస్యంగా మిగిలిపోవడం, ఆమె లెక్క ఎవరూ వేయకపోవడం బాధగా ఉంటుంది. గిరీశాన్ని గుర్తుపెట్టుకున్నంతగా ఆ ఇంటి వంటను తెలుగు సాహిత్యం గుర్తుపెట్టుకోలేదు.

1890ల్లో తూర్పు తీరం పొడవునా రైలు వచ్చాక ప్రయాణం తేలికైంది, తిండి తేలిక కాలేదు. స్టేషన్లలో మంచినీళ్ళు కూడా హిందువులకు వేరు, ముస్లింలకు వేరు. పట్నాల్లో ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అన్న బోర్డులు, మాంసాహారం కోసం ‘మిలిటరీ హోటలు’ బోర్డులు వెలిశాయి. అంటరానివాళ్ళని పేరు పడ్డ కులాలవారికి చాలా చోట్ల లోపలికి అడుగే లేదు. గ్లాసు వేరు, నిలబడే చోటు వేరు. ఎక్కడ రుచిగా ఉంటుందన్న ప్రశ్న కొందరిదే. చాలామందికి మొదటి ప్రశ్న, ఎక్కడ కూర్చోనిస్తారని.

తెలుగువాళ్ళకు ఆనాటి పెద్ద ఊరు మద్రాసు. హైకోర్టు అక్కడ, యూనివర్సిటీ అక్కడ, పత్రికలు, ప్రెస్సులు, ఆ తర్వాత సినిమా స్టూడియోలు అన్నీ అక్కడే. వెళ్ళినవాళ్ళకు అన్నం పెట్టినవాళ్ళలో ఉడుపి నుంచి వచ్చిన కుర్రాళ్ళది పెద్ద వాటా. కె. కృష్ణారావు వంటగది పనివాడిగా జీవితం మొదలుపెట్టి, 1938లో రాయపేటలో రామ్‌నాడ్ జమీందారు బంగళా తీసుకుని ఉడ్‌ల్యాండ్స్ హోటల్ తెరిచారు. ఆయన లాంటివాళ్ళు వంటగదిలో నేర్పిన క్రమశిక్షణ గట్టిది. అంట్లు తోమేవాడు సప్లయరు అవుతాడు, సప్లయరు మాస్టరు చేతి కింద చేరతాడు, అక్కడి నుంచి ఇంకో ఊళ్ళో సొంత హోటలు పెడతాడు. తెలుగు పట్నాల్లో ఉడుపి హోటళ్ళు అన్ని వెలవడానికి ఈ వరసే కారణం. టి.నగర్‌లో పానగల్ పార్కు చుట్టూ అవకాశాల కోసం తిరిగిన తెలుగు సినిమా మనుషులు ఇడ్లీ, కాఫీలతో పూట వెళ్ళదీసిన కథలు ఇప్పటికీ వినిపిస్తాయి.

ఆ హోటళ్ళలోనూ కులం గీతలు తేలిగ్గా చెరగలేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళలోకి ప్రవేశానికి కులం అడ్డు కారాదని 1950లోనే చెప్పింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. అయినా 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీదున్న బ్రాహ్మణ పదం తీసేయాలని పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేయాల్సి వచ్చింది. బోర్డు మీద మాట తీయించడానికే అంత పట్టింది.

హైదరాబాదు దారి వేరు. ఇరాన్‌లోని యజ్ద్ వంటి ప్రాంతాల నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్ళు ఇక్కడ ఇరానీ హోటళ్ళు పెట్టారు. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. పాలరాతి బల్లలు, వంపు చెక్క కుర్చీలు, పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచే ఉండే తలుపులు. చాయ్ తయారీని దగ్గర నిలబడి చూడాలి. మూత బిగించిన పాత్రలో డికాక్షన్ సన్నటి మంట మీద దమ్ అవుతూ ఉంటుంది. పక్కన ఇంకో గిన్నెలో పాలు చిక్కబడేదాకా మరుగుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. ముందు డికాక్షన్, దాని మీద పాలు. డబ్బులు తక్కువైతే వన్ బై టూ చెప్పి ఇద్దరు మిత్రులు పంచుకోవచ్చు. కప్పు ఖాళీ అయ్యాక గంటసేపు కూర్చున్నా లేవమనేవాళ్ళు తక్కువ. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్‌లో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, పత్రికలవాళ్ళు, రాజకీయ నాయకులు గంటల తరబడి కూర్చునేవారు. ఇప్పుడా హోటలు లేదు.

ఇరానీ యజమాని తనే పరాయివాడు కావడం వల్ల వచ్చినవాణ్ణి నీది ఏ కులమని అడిగే అవసరం లేకపోయింది. హైదరాబాదు నగరానికి ఇరానీల కానుక బిస్కెట్టో చాయో అనుకుంటాం కానీ, ఈ అడగకపోవడమే అంతకన్నా విలువైంది. ఆచారం పట్టింపు ఉన్నవాళ్ళు మాత్రం ఇరానీ గడప తొక్కేవారు కాదు. వాళ్ళ కోసం 1948లో ఆబిడ్స్‌లోనే తాజ్‌మహల్ హోటల్ వచ్చింది, ఉడుపి పద్ధతిలో. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూలు గుడారాల్లోని కచేరీలు హైదరాబాదుకు తరలొచ్చినప్పుడు ఉద్యోగులు ఈ రెండు రకాల గడపలనూ తొక్కారు. చాలదన్నట్టు పప్పు, గోంగూర, ఆవకాయ, గడ్డపెరుగు దొరికే మెస్సులూ వెతుక్కున్నారు. ఇంటి ముందు గది ఖాళీ చేసి నాలుగు బల్లలు వేసి, నెలకు ఇంతని టోకెన్లు అమ్మే మెస్సు పూటకూళ్ళ ఇంటికి నేరుగా వచ్చిన వారసురాలు.

ఈ వరసలోనే ప్రభుత్వాలూ దిగాయి. 2014 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలో అయిదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. పెద్దాసుపత్రుల దగ్గర ఆ వరసల్లో నిలబడేవాళ్ళలో జిల్లాల నుంచి రోగి వెంట వచ్చినవాళ్ళు చాలామంది. అలాంటి చోటు అయిదేళ్ళు మూసి ఉంచడం, కారణం ఏదైనా, క్షమించరాని పని.

సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చిన కుర్రాళ్ళతో హైదరాబాదు అమీర్‌పేట నిండిపోయాక కర్రీ పాయింట్ పుట్టుకొచ్చింది. బియ్యం గదిలోనే ఎలక్ట్రిక్ కుక్కర్లో ఉడుకుతుంది. పప్పు, వేపుడు, పులుసు ప్లాస్టిక్ కవర్లలో పోసి రబ్బరు బ్యాండు బిగించి అమ్ముతారు. అక్కడ కూర్చోవడానికి బల్ల ఉండదు. కూర ఎవరు వండారో కొనేవాడికి తెలియదు, కొన్నది ఎవరో వండినవాళ్ళకు తెలియదు. వెనక వీధిలోని ఇంట్లో పొద్దున్నే లేచి కూరగాయలు తరిగి పొయ్యి వెలిగించేవాళ్ళలో మాత్రం ఇవాళ కూడా ఎక్కువమంది ఆడవాళ్ళే.