వానాధార చెరువుల్లో పులిసిన మేత: తవుడు, చెక్క, చేప

తిరుపతి నుంచి పుత్తూరు వెళ్లే దారిలో ఉన్న వడమాలపేట పరిసరాల్లో చేపల పెంపకానికి హద్దు గీసేది నీరే. చెరువులు ముఖ్యంగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలతో నిండుతాయి. ఎండలు ముదిరేలోగా చేప అమ్మకానికి ఎదగాలి. కాబట్టి ఎంత మేత వేశామన్నదానికంటే అందులో ఎంత ఒంటబట్టిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

కొల్లేటి రైతులు శీలావతికి, బొచ్చెకు నూనె తీసిన తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి, నీటిలో పాతిన గెడలకు కడతారు. తవుడూ శనక్కాయ చెక్కా చిత్తూరు సీమకు కొత్తవి కావు. పాడి పశువుల దాణాలో ఎప్పటినుంచో ఉన్నవే. అయితే తవుడులోని భాస్వరంలో అధికభాగం ఫైటిక్ ఆమ్లంలో బందీగా ఉంటుంది. శీలావతి, బొచ్చె జాతులకు ఆమ్లం ఊరే జీర్ణాశయమే లేదు. ఆ భాస్వరాన్ని విడిపించుకోలేక మలంతో వదిలేస్తాయి. అది నీటిలో చేరి నాచును పెంచుతుంది.

పులియబెట్టడం వల్ల మేలు ఇక్కడే. ఇడ్లీ పిండిని పులియబెట్టే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా వంటివే తవుడులోనూ పెరిగి పులుపును పెంచుతాయి. ఆ పులుపులో ఫైటేట్ విచ్ఛిన్నమై భాస్వరం చేపకు అందుతుంది. ఈస్ట్ కలిస్తే దాని కణకవచంలోని బీటా గ్లూకాన్ రోగనిరోధక శక్తిని ఉత్తేజపరుస్తుంది.

తగిన మోతాదులో ఇచ్చినప్పుడు ఆతిథేయి ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లని 2001లో ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు నిర్వచించారు. ఇందులో ‘సజీవ’ అన్న షరతే కీలకం. గుళికల మేత తయారీలోని వేడికి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా అయిన లాక్టోబాసిల్లస్ చాలావరకు చచ్చిపోతుంది. బాసిల్లస్ సిద్ధబీజాలు తట్టుకుంటాయి. చేప పేగులో మొలకెత్తి మాంసకృత్తులను, పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములను స్రవిస్తాయి, ఏరోమోనాస్ వంటి రోగకారకాలతో చోటు కోసం పోటీపడతాయి.

శనక్కాయ పండే సీమలో మరచిపోకూడని ముప్పు బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం బూజుపట్టిన శనక్కాయ పిండిలోని విషమని తేలింది. అదే అఫ్లటాక్సిన్. అది శీలావతి రోగనిరోధకతను దెబ్బతీస్తుందని 2001లో పి.కె. సాహూ, ఎస్.సి. ముఖర్జీ చూపారు. మేతలో కలిపిన బీటా గ్లూకాన్ ఆ నష్టాన్ని కొంత పూడ్చగలదని కూడా వారి పరిశోధనలో తేలింది. అంతమాత్రాన చెడిన చెక్కను పులియబెట్టి వాడవచ్చని కాదు. ఈ విషం మామూలు వంట వేడికి పోదు, పులియబెట్టినంత మాత్రాన పూర్తిగా పోతుందన్న భరోసా కూడా లేదు. బూజు కనిపిస్తే ఆ చెక్కను పారేయాల్సిందే. కనిపించకపోయినా విషం ఉండవచ్చు గనుక చెక్కను తేమ తగలకుండా నిల్వ చేయడం పులియబెట్టడం కంటే ముందు పని.

ఊరుమ్మడి చెరువులో, పశువులు దిగి నీరు తాగేచోట, మేత లెక్క నిలవదు. సొంత సేద్యపు కుంటలో నిలుస్తుంది. ఒకే రకం పిల్లలను రెండు కుంటల్లో వదిలి, ఒకదానికి మామూలు తవుడు చెక్క, మరొకదానికి అంతే బరువున్న పులిసిన మేత వేసి, వేసినదీ పెరిగినదీ తూచి చూసేవరకు ప్రోబయోటిక్ సీసాల మీద ఖర్చు పెట్టడం తొందరపాటు. మిగిలిపోయిన మేత కుళ్లి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆ పూట మేత ఆపాలి.