ఒకటిన్నర బై మూడున్నర

మొన్న శనివారం గరాజ్‌లో కూర్చుని బల్ల చేశాను. నమూనా ఎంజో మారిది. ఈ ఇటలీ డిజైనరు 1974లో మామూలు పలకలూ, మేకులతో ఎవరైనా చేసుకోగల 19 సామాన్లకి నమూనాలు గీసి, తపాలా ఖర్చు పంపినవాళ్ళకి ఊరికే ఇచ్చేశాడు. ఫ్యాక్టరీలూ, వ్యాపారులూ మాత్రం వాడకూడదన్నాడు. తన చేత్తో చేసుకున్నవాడికే వస్తువు మంచిచెడ్డలు తెలుస్తాయని ఆయన నమ్మకం.

నాకు బాగానే తెలిశాయి! ఆయన కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయి. అమెరికాలో 'రెండు బై నాలుగు' అని అమ్మే చెక్కేమో నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే. పేరు నమ్మి లెక్కేసి కోస్తే, రెండు కాళ్ళ మధ్య అడ్డకర్ర సరిగ్గా అంగుళం పొట్టిదైంది. మళ్ళీ కోశాను.

మారి 2020లో పోయాడు. అదేమిటో, బల్ల నిలబెట్టాక నాకు ఆయన కన్నా మా ఊరి వడ్రంగే గుర్తొచ్చాడు. పీటకి పది రూపాయలు తగ్గించమని ఆయనతో బేరమాడినందుకు ఇన్నేళ్ళకి సిగ్గేసింది.