తెలుపులో దాగిన నీలి

కలాంథె ట్రిప్లికాటా పువ్వు మల్లెంత తెలుపు. ఒక రేకను వేళ్ల మధ్య నలిపితే, నలిగిన చోట కాసేపటికి నీలం తేలుతుంది. ఒకప్పుడు కడప, నెల్లూరు సీమల్లో నీలి ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి తీసిన నీలిమందే అది. ఆ ఆకులో ఉండే ఇండికాన్ అనే పదార్థం ఈ పువ్వులోనూ ఉంది. కణం చిట్లగానే అది విడిపోతుంది, గాలి తగిలి నీలమవుతుంది.

ఆర్కిడ్ అంటే చెట్టుకొమ్మను కరుచుకుని బతికే బదనికే మనకు గుర్తొస్తుంది. ఇది ఆర్కిడే అయినా నేల మొక్క. పశ్చిమ కనుమల నుంచి ఆస్ట్రేలియా దాకా వాన అడవుల్లో, చెట్ల నీడన, చివికిన ఆకుల్లో వేళ్లూనుతుంది. మడతలు తేలిన వెడల్పాటి ఆకులు దూరం నుంచి పసుపు మొక్కను తలపిస్తాయి. వాటి నడుమ నుంచి నిలువుగా ఒక కాడ లేచి, కొసన గుత్తిగా పూస్తుంది.

దీన్ని పుస్తకానికి ఎక్కించిన వృక్షశాస్త్రవేత్త రంఫియస్ జీవితం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. జర్మనీలో పుట్టి, డచ్చి కంపెనీ కొలువులో నేటి ఇండోనేషియాలోని అంబోన్ దీవి చేరాడు. 1670లో చూపు పోయింది. 1674 భూకంపంలో భార్యనూ, బిడ్డనూ పోగొట్టుకున్నాడు. 1687లో మంటలు ఆయన గీసిన మొక్కల బొమ్మలను మింగేశాయి. ఇతరుల చేత మళ్లీ గీయించి, రాయించి ఓడలో పంపితే, 1692లో ఆ ఓడ మునిగింది. ముందుగా తీయించిన నకలు ఒకటి మిగిలింది కాబట్టి పుస్తకం బతికింది. 1702లో ఆయన పోయాడు. అచ్చు మొదలైంది 1741లో. అందులో ఆయన ఈ పువ్వుకు పెట్టిన లాటిన్ పేరుకు ‘మూడు పొరల పువ్వు’ అని అర్థం. నేటి శాస్త్రీయ నామంలోని ‘ట్రిప్లికాటా’ ఆ పేరు నుంచి వచ్చిందే.

ఈ పువ్వు కథలో తర్వాతి మలుపు ఇంగ్లండులో, ఎక్సెటర్‌లోని వీచ్ నర్సరీలో. జాన్ హారిస్ అనే శస్త్రవైద్యుడు ఆర్కిడ్ పువ్వులో పుప్పొడి ఎక్కడుంటుందో, దాన్ని ఎక్కడ అంటించాలో తోటమాలి జాన్ డొమినీకి చూపించాడు. డొమినీ ఈ తెల్ల పువ్వునూ, ఊదా పూల కలాంథె సిల్వాటికానూ కలిపాడు. 1856లో ఆ సంకరం పూసింది. మనిషి చేత్తో కలిపిన ఆర్కిడ్లలో మొట్టమొదట పూసింది అదే. వృక్షశాస్త్రవేత్త లిండ్లే దానికి డొమినీ పేరే పెట్టాడు. పొడిలాంటి ఆర్కిడ్ విత్తనంలో తిండి నిల్వ ఉండదనీ, మట్టిలోని శిలీంధ్రం చేయి అందిస్తేనే మొలుస్తుందనీ నోయెల్ బెర్నార్ తేల్చింది 1899లో. అంటే డొమినీ ఆ రహస్యం తెలియకుండానే మొలకలు తీశాడు!

పెంచాలనుకునేవారు ముందు మట్టి చూసుకోవాలి. చివికిన ఆకుల ఎరువు, ముతక ఇసుక, కొబ్బరిపీచు ముక్కలు కలిపితే తేమ నిలుస్తుంది, నీరు నిలవదు. దుంప మొదలు మట్టి మట్టానికే ఉండాలి, లోతుగా పాతితే కుళ్లుతుంది. నీడ కావాలి, గాలి ఆడాలి. వాననీరు శ్రేష్ఠం, ఉప్పు తేలే బోరు నీళ్లకు ఆకుల కొసలు మాడతాయి. కొత్త చిగురు సుడిలో నీళ్లు నిలవనివ్వకూడదు. చలికాలంలో తడి తగ్గించవచ్చు కానీ, ఇది ఏటా ఆకు రాల్చే రకం కాదు కనుక పూర్తిగా ఎండగట్టకూడదు. హైదరాబాద్ మే నెల వడగాలికి ఇది తట్టుకోవడం కష్టం. అరకు లాంటి చల్లని చోట్ల ఆశ ఎక్కువ. అడవి నుంచి పెరికి తెచ్చిన మొక్కను మాత్రం ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. నర్సరీలో పెంచినదే అడిగి తీసుకోండి.

పూత అయిపోయాక కుండీ మార్చాలి. విడదీసేటప్పుడు ఒక్కో పాయకు కనీసం రెండు మూడు దుంపలు ఉంచాలి. ఆకులు రాలి బోసిపోయిన వెనకటి దుంపను పారేయకుండా తేమ నాచులో పెట్టి నీడన ఉంచండి. కొన్నాళ్లకు దాని పక్కనుంచీ పచ్చటి మొన తొంగిచూస్తుంది.