ఆర్డీటీ గ్రౌండ్‌లో ఆదివారం

2024 సెప్టెంబర్ 15. పొద్దున తొమ్మిది కాకముందే అనంతపురం ఎండ చురుక్కుమంటోంది. ఆర్డీటీ స్టేడియం గేటు ముందు బండి చుట్టూ కాలేజీ పిల్లలు గుమిగూడారు. మీరూ వాళ్ల మధ్య దూరండి. నానబెట్టి పిండిన బొరుగులు ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపులో పడి పసుపు రంగుకు తిరుగుతున్నాయి. పైన పప్పులపొడి చల్లి, రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి చేతికిస్తారు. ఉగ్గాని బజ్జి తినకుండా ఇక్కడ ఆట చూడటం మొదలుకాదు.

"సంజూ బ్యాటింగుకు వస్తాడా ఈ పొద్దు?"

"వస్తాడులేప్పా, తొందరగా తిను!"

లోపలికి అడుగుపెట్టగానే కళ్లు చల్లబడతాయి. ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే నేల ఇది. ఇంత పచ్చిక ఒక్కచోట కనిపిస్తే ఆట సంగతి తర్వాత, ముందు దాన్నే చూస్తూ నిలబడతాం. 1969లో ఈ జిల్లాకు వచ్చిన విసెంటె ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మైదానమిది. ఈరోజు రెండు గ్రౌండ్లలో రెండు దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు. ఒకదాంట్లో ఇండియా-బి, ఇండియా-సి. మనం కూర్చునేది ఇండియా-ఎ, ఇండియా-డి మధ్య ఆటకు.

డి జట్టు గెలవాలంటే 488 కొట్టాలి. నిన్న సాయంత్రానికి ఒక వికెట్టుకు 62. నిన్ననే ఎ జట్టు తరఫున తిలక్ వర్మ అజేయంగా 111 కొట్టాడు. హైదరాబాద్ కుర్రాడు కదా, ఈరోజు ఫీల్డింగులో బంతి అతని వైపు వెళ్లినా చాలు, "తిలక్! తిలక్!" అని గోల. కానీ క్రీజులో ఉన్నది మన ఆంధ్ర జట్టు రికీ భుయ్. ఎవరి వైపు అరవాలో పిల్లలకు తెలియడం లేదు. ఇద్దరి వైపూ అరుస్తున్నారు. నాకు ఈ గుంపులో బాగా నచ్చింది అదే.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆటకు లక్షమందికి పైగా పట్టే స్టేడియాలున్నాయి. అక్కడ జనం గంటల ముందే వచ్చి, కార్ల పక్కనే పొయ్యి పెట్టి మాంసం కాల్చుకు తింటారట. మన పిల్లలు ఒక్కో బైకు మీద ముగ్గురు చొప్పున వచ్చి, చెనక్కాయల పొట్లాలతో మెట్లెక్కుతారు. ఉప్పేసి ఉడకబెట్టిన కాయలవి, చేతికి ఇంకా వేడిగా తగులుతాయి. ఒలుస్తూ ఉంటే ఓవర్లు తెలియకుండా గడిచిపోతాయి. నాలుగు రోజుల ఆటకు ఇంతకన్నా తగిన తిండి లేదు.

శ్రేయస్ అయ్యర్ 41 కొట్టి వెళ్తాడు. సంజూ శాంసన్ దిగగానే అందరూ లేచి నిలబడతారు. ముందువాళ్ల భుజాల సందుల్లోంచి చూడాల్సిందే. 40 కొట్టి అతనూ వెనుదిరుగుతాడు. నిట్టూర్పులు, ఆపై చప్పట్లు. గొంతు ఎండిపోతే నన్నారి ఒక గ్లాసు పట్టించి రండి.

భుయ్ సెంచరీకి వచ్చేటప్పటికి చేతుల్లో కాయలు చేతుల్లోనే ఉండిపోతాయి. ఆ పరుగు వచ్చిన క్షణంలో లేచిన అరుపుకు పక్క గ్రౌండులో వాళ్లు కూడా తల తిప్పి ఉంటారు. భుయ్ 113కు అవుటవుతాడు. డి జట్టు 301కి ఆలౌట్, ఎ జట్టు 186 పరుగుల తేడాతో గెలిచింది. ఓడిన జట్టు కుర్రాడి కోసం ఇంతసేపు నిలబడి చప్పట్లు కొట్టారంటే ఈ ఊరికి ఆట అర్థమవుతుందన్నమాట.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. ఈ నెల మొదట్లో ఇక్కడే జరిగిన మ్యాచ్‌లో ఒక అభిమాని మైదానంలోకి పరిగెత్తి రుతురాజ్ గైక్వాడ్ కాళ్లు మొక్కాడు. అది అభిమానమే, కాదనను. కానీ అలాంటి పని మరో రెండుసార్లు జరిగితే కంచె ఎత్తు పెరుగుతుంది, ఆటగాళ్లు మనకు దూరమవుతారు.

దేశంలో చాలాచోట్ల ఇలాంటి దేశవాళీ ఆటలకు స్టాండ్లు ఖాళీగా ఉంటాయి. అనంతపురంలో జనం వచ్చారు. క్రికెట్ బోర్డు ఏటా ఒక్క మ్యాచ్ అయినా ఇక్కడ పెట్టాలి. మళ్లీ పెట్టినప్పుడు మీరూ రండి. కంచె ఇవతలే ఉండి అరవండి, చెనక్కాయల తొక్కలు మెట్ల మీద వదలకుండా సంచిలో వేసుకుపోండి.